నెక్స్ట్ బైక్ ఏది? కొల్లేరు రోడ్ల మీద నాలుగు టెస్ట్ రైడ్‌లు, ఒక అమ్మ తీర్పు

మళ్లీ ముదినేపల్లి నుంచే మాట్లాడుతున్నా. వెనకాల సౌండ్ వినిపిస్తే కంగారు పడకండి, అది పక్క చెరువులో ఏరియేటర్. ఈ టైమ్‌కి ఆన్ చేస్తారు, నేను ఆపమంటే ఆపరు, ఆపితే చేపలు ఊరుకోవు.

చాలా రోజుల నుంచి కామెంట్లలో ఒకటే ప్రశ్న. "బ్రో, పాత బైక్ అమ్మేస్తున్నావంట, నెక్స్ట్ ఏంటి?" అవును, అమ్మేస్తున్నా. 2019లో హైదరాబాద్‌లో ఫస్ట్ శాలరీలతో కొన్న 150 సీసీ బండి. మీటర్ మీద అరవై వేల కిలోమీటర్లు దాటింది. క్లచ్ ప్లేట్లు రెండుసార్లు మార్చా, చైన్ సెట్ మూడుసార్లు. పాపం అది చేయాల్సింది చేసింది. కానీ ఇప్పుడు నేను హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో లేను. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి వీడియోలు చేసుకుంటున్నా. అవసరం మారింది, అందుకే బండి మారాలి.

అవసరం అంటే ఏంటో ముందు చెప్తా, ఎందుకంటే ఈ వీడియో మొత్తం దాని మీదే నడుస్తుంది. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. పదిహేను రోజులకొకసారి ఏలూరులో ఫిజియోథెరపీ. కైకలూరు మీదుగా వెళ్తే రానుపోను సుమారు వంద కిలోమీటర్లు. కారు కొనే పరిస్థితి లేదు. బస్సు ఉంది, కానీ బస్సు మెట్టు ఎక్కడమే అమ్మకి పెద్ద పని, మళ్లీ ఏలూరులో దిగి ఆటో. నెలకి రెండుసార్లు కారు మాట్లాడుకుంటే నా ఎడిటింగ్ ల్యాప్‌టాప్ ఈఎంఐ అంత అవుతుంది. అమ్మేమో "నీ బండి మీద వస్తా, మెల్లగా తీసుకెళ్లు" అంటుంది. సో కొత్త బండి మీద సగం కిలోమీటర్లు అమ్మవి. ఇంకో సగం నా షూటింగ్‌లవి. భీమవరం, ఆకివీడు, గుడివాడ, విజయవాడ, ఎప్పుడైనా మారేడుమిల్లి.

మీరు పెట్టిన పోల్‌లో ఎక్కువ మంది ఏం అన్నారో నాకు గుర్తుంది. అడ్వెంచర్ బైక్ తీసుకో, లేకపోతే 400 సీసీ తీసుకో, థంబ్‌నెయిల్ అదిరిపోతుంది అన్నారు. నిజమే, థంబ్‌నెయిల్ అదిరిపోతుంది. ఈఎంఐ కట్టేది మాత్రం థంబ్‌నెయిల్ కాదు కదా.

బైకుల దగ్గరికి వెళ్లే ముందు రోడ్డు గురించి మాట్లాడాలి. యూట్యూబ్‌లో రివ్యూలన్నీ బెంగళూరు, పుణె రోడ్ల మీద చేస్తారు. మన రోడ్డు వేరే. మాది కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. కింద నల్లరేగడి. వానాకాలం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పైన ఎంత మంచి తారు వేసినా కింద నేల కదులుతూనే ఉంటుంది. దానికి తోడు రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులు, అంటే రోడ్డు అడుగు ఎప్పుడూ తడే. ఆ తడి మీద ఐస్ వేసిన చేపల లారీలు, మేత బస్తాల లారీలు. అందుకే మన దగ్గర గుంటలు తక్కువున్న రోడ్డు కూడా అలల్లా ఉంటుంది. స్పీడ్‌గా వెళ్తే బండి పైకి లేచి కిందకి కూర్చుంటుంది. ముందు కూర్చున్నవాడికి పెద్దగా తెలీదు, హ్యాండిల్ పట్టుకుని ఉంటాడు. వెనక కూర్చున్న మనిషికి నడుము పోతుంది.

ఇంకో మూడు విషయాలు. ఒకటి, లారీల నుంచి కారే చేపల నీళ్లు. చూడ్డానికి మామూలు తడిలా ఉంటుంది, బ్రేక్ వేస్తే సబ్బు. రెండు, రాత్రి పురుగులు. కొల్లేరు పక్కన సాయంత్రం వైజర్ తీసి నడిపినవాళ్లకి నేనేం చెప్పక్కర్లేదు. మూడోది ధాన్యం. సార్వా కోతలప్పుడు, మళ్లీ దాళ్వా కోతలప్పుడు రోడ్డు సగం ధాన్యమే. రైతుని తప్పుపట్టలేం, తేమ తగ్గకపోతే కొనేవాడు కొనడు, ఆరబెట్టుకోవడానికి కళ్లాలు లేవు. కానీ రాత్రిపూట ఆ రాశుల మీద నల్ల పట్టా కప్పి, పట్టా ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల పట్టా. మా ఫ్రెండ్ ఒకడు కిందటేడు దాన్ని లాస్ట్ సెకండ్‌లో చూసి బ్రేక్ కొట్టాడు. కింద చల్లుకుపోయిన గింజల మీద చక్రం జారింది. కాలర్ బోన్ విరిగింది. మూడు నెలలు పనికి వెళ్లలేదు. వాడి వెనక ఆ రోజు ఎవరూ కూర్చోలేదు, అంతే అదృష్టం. నేను ఆ సీట్లో అమ్మని కూర్చోబెట్టబోతున్నా. అందుకే హెడ్‌లైట్, ఏబీఎస్ ఈ రెండూ నా లిస్ట్‌లో మైలేజ్ కంటే పైన ఉన్నాయి.

125 సీసీ దాటిన బైకులకి మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. కానీ సింగిల్ చానెల్ అంటే ముందు చక్రానికే. డ్యూయల్ అంటే రెండింటికీ. ఒకే మోడల్‌లో తక్కువ వేరియంట్‌కి సింగిల్, ఎక్కువ వేరియంట్‌కి డ్యూయల్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. షోరూంలో కలర్ చూపించి మాట్లాడతారు, ఇది మాత్రం మీరే అడగాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. కోడింగ్ మానేసినా ఎక్సెల్ షీట్ మానలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ వరకు ఉన్న బైకులకి 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటితే అంతకుముందు సెస్‌తో కలిపి 31 శాతం ఉండేది, ఇప్పుడు 40. దీన్ని రూపాయల్లో చూద్దాం. 28 శాతం ట్యాక్స్‌తో 2 లక్షలున్న బైక్ అసలు ధర 1,56,250. దాని మీద 18 శాతం వేస్తే 1,84,375. అంటే పదిహేను వేల పైన మిగిలింది. అదే 31 శాతంతో రెండున్నర లక్షలున్న 400 సీసీ బైక్‌ని 40 శాతంతో లెక్కేస్తే దాదాపు 2,67,000. పదిహేడు వేలు పెరిగింది. కొన్ని కంపెనీలు ఆ పెంపు కొన్నాళ్లు తామే భరించాయి, కానీ అది వాళ్ల దయ, ఎప్పుడు ఆపుతారో మన చేతిలో లేదు.

ఇన్సూరెన్స్ కూడా 350 దగ్గరే విరుగుతుంది, ఇది చాలామంది చూడరు. కొత్త బైక్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలి కదా. 2022లో పెట్టిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ దాకా 7,365 రూపాయలు. 350 దాటితే 15,117. డబుల్ కంటే ఎక్కువ. దాని మీద మళ్లీ ట్యాక్స్. 349 సీసీకి, 398 సీసీకి మధ్య తేడా ఇంజిన్‌లో యాభై సీసీ, బిల్లులో మాత్రం వేరే ప్రపంచం.

ఎలక్ట్రిక్ ఎందుకు చూడలేదు అని అడుగుతారు. చూశా. ఏలూరు వెళ్లి రావడానికి రేంజ్ కాగితం మీద సరిపోతుంది. ఇంట్లో ఛార్జింగ్ ఓకే. మధ్యలో లంకల దగ్గర ఛార్జ్ అయిపోతే అమ్మని రోడ్డు మీద కూర్చోబెట్టాలి. ఇప్పటికి వద్దు.

సరే, బైకులు. నాలుగు నడిపా. టెస్ట్ రైడ్ అంటే కొన్ని చోట్ల ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక షోరూంలో సేల్స్ అబ్బాయి వెనక ఎక్కి, పెట్రోల్ బంక్ దాకా తీసుకెళ్లి, యూ టర్న్ కొట్టించి "అయిపోయింది సార్" అన్నాడు. ఆరొందల మీటర్లు. రెండు లక్షలు పెట్టేవాడికి ఆరొందల మీటర్లు! మిగతా చోట్ల బాగానే ఇచ్చారు. నా సలహా ఏంటంటే వారం మధ్యలో వెళ్లండి, పదకొండు గంటలప్పుడు. శని ఆదివారాలు వెళ్తే లైన్‌లో నిలబడతారు. లైసెన్స్ ఒరిజినల్, మీ సొంత హెల్మెట్ తీసుకెళ్లండి. ముఖ్యంగా, మీ వెనక ఎవరు కూర్చుంటారో వాళ్లని తీసుకెళ్లండి.

నేను ప్రతి బైక్ మీదా చేసినవి ఇవే. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా బండిని వెనక్కి నెట్టి చూడటం. మూడో గేర్‌లో ముప్పై స్పీడ్‌లో వదిలేసి మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వడం, ఇంజిన్ గిలగిల కొట్టుకుంటుందా లాగుతుందా అని. ఒక స్పీడ్ బ్రేకర్‌ని ఒంటరిగా ఒకసారి, వెనక మనిషితో ఒకసారి దాటడం. ఎవరూ లేని చోట నలభైలో గట్టిగా బ్రేక్. అంతే. టాప్ స్పీడ్ చూడలేదు. మా రోడ్డు మీద టాప్ స్పీడ్ గేదె నిర్ణయిస్తుంది.

మొదటిది హీరో ఎక్స్‌పల్స్ 210. మీ పోల్‌లో విన్నర్. 2025 జనవరిలో వచ్చింది. హీరోకి మన రాష్ట్రంలోనే శ్రీ సిటీ వైపు ఫ్యాక్టరీ ఉంది, అదొక చిన్న సంతోషం. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, గ్రౌండ్ క్లియరెన్స్ 220 మిల్లీమీటర్లు, పవర్ 24 పైన. నిజం చెప్తున్నా, నాలుగింటిలో మన రోడ్డుకి పుట్టిన బండి ఇదే. అలలు, గుంటలు, రోడ్డు నుంచి చెరువు గట్టు మీదకి దిగే మట్టి దారి, దేన్నీ లెక్కచేయలేదు. నేను నిలబడి నడిపా, నవ్వుకుంటూ నడిపా. సీటు ఎత్తు 830 మిల్లీమీటర్లు. నా హైట్ ఐదడుగుల ఆరు. ఒక పాదం పూర్తిగా ఆనుతుంది, రెండోది వేళ్లే. మేనేజ్ చేస్తా. తర్వాత అమ్మని ఎక్కమన్నా. అమ్మ వెనక సీటు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఒరేయ్, దీనికి నిచ్చెన కూడా ఇస్తారా?" అంది. సేల్స్ అబ్బాయి నవ్వాడు, అమ్మ నవ్వలేదు. మోకాలు మడిచి ఆ ఎత్తుకి కాలు లేపడం ఆమె వల్ల కాలేదు. నేను దిగి నడుం పట్టుకుని ఎక్కిస్తే ఎక్కింది. ఏలూరులో, ఫిజియోథెరపీ అయ్యాక, నొప్పితో ఉన్న మోకాలితో, నడిరోడ్డు మీద ప్రతిసారీ అలా ఎక్కించాలా? అక్కడితో ఆ చాప్టర్ అయిపోయింది. ఒంటరిగా ఉండి, చెరువుల మీద పని చేసుకునే వాళ్లు మాత్రం దీన్ని తప్పకుండా నడిపి చూడండి.

రెండోది ట్రయంఫ్ స్పీడ్ 400. దీనికి విజయవాడ వెళ్లా. 2023 జూలైలో వచ్చింది, బజాజ్ వాళ్లు మహారాష్ట్రలోని చాకన్‌లో తయారు చేస్తారు. 398 సీసీ, 40 పీఎస్. అబ్బా. ఇంజిన్ గురించి ఒక్క మాట చాలు, నేను ఆ రోజు రాత్రి నిద్రపోలేదు. గేర్ మార్చకుండానే లాగేస్తుంది, బ్రేకులు రెండు వేళ్లతో పడుతున్నాయి, అంత పవర్ ఉన్నా బరువు 180 కిలోల దరిదాపుల్లోనే. అమ్మ అంత దూరం రాలేదు కాబట్టి విజయవాడలో ఉండే మా పిన్నిని తీసుకెళ్లా, ఇద్దరూ ఒకే ఒడ్డూపొడుగు. పిన్ని బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి సేల్స్ అబ్బాయిని అడిగింది, "బాబూ, ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు దీని మీద?" అని. వెనక సీటు ఉంది. జీన్స్ వేసుకుని రెండు వైపులా కాళ్లేసుకుని కూర్చునే పాతికేళ్ల మనిషికి ఓకే. చీరతో ఒక పక్కకి కూర్చునే యాభై ఎనిమిదేళ్ల మనిషికి కాదు. పైగా ఆ జీఎస్టీ, ఆ ఇన్సూరెన్స్. పెళ్లి కాని, చెల్లెలి పెళ్లి కూడా అయిపోయిన, ఉద్యోగం ఉన్న అన్నలూ, కొనుక్కోండి, నాకొక రౌండ్ ఇవ్వండి.

ఒక మాట ఇక్కడ. ఒక పక్కకి కూర్చోవడం కంటే రెండు వైపులా కాళ్లేసి కూర్చోవడమే సేఫ్, నాకు తెలుసు. అమ్మ మోకాలు అలా మడత పడదు. అందుకే లేడీస్ ఫుట్‌రెస్ట్, శారీ గార్డ్, పట్టుకోవడానికి గట్టి గ్రాబ్ రైల్ కావాలి. ఈ మూడింటి గురించి ఏ రివ్యూలోనూ ఎవరూ మాట్లాడరు. మన దేశంలో వెనక సీట్లో కూర్చునే కోట్ల మంది ఆడవాళ్లు రివ్యూ చేసేవాళ్లకి కనిపించరా అని నాకు డౌట్.

మూడోది రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350. నేను మనసులో ఫిక్స్ అయి వెళ్లింది దీనికే. 349 సీసీ, 20.2 బీహెచ్‌పీ, 27 న్యూటన్ మీటర్లు, 181 కిలోలు, సీటు 790. 2022లో వచ్చినప్పుడు వెనక సస్పెన్షన్ మరీ గట్టిగా ఉందని అందరూ తిట్టారు. 2025లో స్ప్రింగులు మార్చారు, క్లచ్ తేలిక చేశారు. నాకు నచ్చింది. రెండు కాళ్లూ నేలకి ఆనుతాయి, ట్రాఫిక్‌లో సైకిల్‌లా తిరుగుతుంది. అమ్మ సులువుగా ఎక్కింది. ఏలూరు పాత బస్టాండ్ వైపు ఒక రౌండ్ కొట్టాం. రెండో స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక నుంచి "అబ్బా" అని వినిపించింది. మార్చిన తర్వాత కూడా ఇంత. చక్రాలు 17 అంగుళాలు, చిన్నవి. సిటీలో అదే దాని బలం, మన రోడ్డు మీద అదే దాని ఇబ్బంది. చిన్న చక్రం గుంటలోకి దిగుతుంది, పెద్ద చక్రం దాని మీద నుంచి దాటుతుంది. ఎడ్లబండి చక్రం ఎందుకంత పెద్దదో మన తాతలకి తెలుసు.

నాలుగోది క్లాసిక్ 350. ఇది నేను లిస్ట్‌లో పెట్టిందే అమ్మ మాట కాదనలేక. "ఆ బుల్లెట్ లాంటిది కూడా చూడు" అంది. నాకు ఇంట్రెస్ట్ లేదు, ఎందుకంటే మా వైపు రైతుల ఇళ్ల ముందు, చేపల వ్యాపారం చేసేవాళ్ల ఆఫీసుల ముందు ఇదే ఉంటుంది. మద్రాసులో 1955లో మొదలైన కంపెనీ, మన కోస్తాకి బుల్లెట్ అంటే పాత బంధువు. నా వయసువాడు అది కొంటే ఊళ్లో "పెద్దాయన" అంటారు.

ఇంజిన్ హంటర్‌దే, అదే 349. కానీ ముందు 19 అంగుళాలు, వెనక 18. గ్రౌండ్ క్లియరెన్స్ 170. సీటు 805. బరువు 195 కిలోలు, ఇది అసలు సమస్య. ఇంజిన్ ఆపి వెనక్కి నెట్టినప్పుడు నాకు చెమట పట్టింది. సరే అని ఏలూరు నుంచి చాటపర్రు వైపు తీసుకెళ్లా, అంటే నిజంగా మేం రోజూ పడే రోడ్డు మీదకే. ఈ షోరూం వాళ్లు ఆ విషయంలో మంచివాళ్లు, వెనకాల ఇంకో బండి మీద వచ్చారు.

మూడో గేర్, ముప్పై స్పీడ్, యాక్సిలరేటర్ ఇచ్చా. దబదబా లాగింది. దీని 27 న్యూటన్ మీటర్లు 4,000 ఆర్‌పీఎమ్‌కే వచ్చేస్తాయి. స్పీడ్ 400కి 37.5 ఉన్నాయి, కానీ అవి 6,500 దగ్గర. బ్రోచర్‌లో పెద్ద నంబర్ దానిదే. నలభై స్పీడ్‌లో, వెనక మనిషితో, ట్రాక్టర్ వెనకాల పాకుతూ వెళ్లేటప్పుడు ఇంజిన్‌ని అరిపించకుండా లాగే ఇంజిన్ ఇది. గేర్ మార్చే పని తగ్గితే కుదుపు తగ్గుతుంది. కుదుపు తగ్గితే వెనక కూర్చున్నవాళ్లకి మోకాలి మీద పట్టు తగ్గుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, అమ్మ చెప్పింది. "నువ్వు గేర్ మార్చినప్పుడల్లా నేను కాలితో తన్నిపెట్టుకోవాలి రా. దీని మీద ఆ బాధ తక్కువ" అంది. ఆరేళ్లు పాత బండి మీద నా వెనక కూర్చుని ఈ మాట ఇప్పటిదాకా చెప్పలేదు!

రోడ్డు అలలా ఉన్న చోట బరువే పనికొచ్చింది. తేలికపాటి బండి ఎగిరే దగ్గర ఇది కూర్చుని వెళ్లింది. చేపల లారీ ఎదురొస్తే గాలికి కదల్లేదు. అమ్మ దిగి ఒకటే అంది. "మంచం మీద కూర్చున్నట్టుంది."

ఇష్టం లేనివి కూడా చెప్తా. తొంభై దాటితే దీనికి ఓపిక లేదు. హైవే మీద స్పీడ్ 400 నడిపిన తర్వాత ఇది నడిపితే బఫరింగ్ అవుతున్న వీడియో చూసినట్టుంటుంది. వానలో నల్లమట్టి గట్టు మీదకి 195 కిలోలు తీసుకెళ్లడం కుదరదు, దింపితే క్రేన్ పిలవాలి. సో చెరువుల మీద షూటింగ్ ఉంటే బండి రోడ్డు మీదే ఆపి ట్రైపాడ్ భుజాన వేసుకుని నడుస్తా. కెమెరా బ్యాగ్‌కి సైడ్ స్టాండ్ ఫ్రేమ్ వేస్తే అమ్మ ఫుట్‌రెస్ట్‌కి అడ్డం, అది కూడా పరిష్కారం కాలేదు. ప్రస్తుతానికి ట్యాంక్ బ్యాగే.

నీళ్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇది మన దగ్గర ఊహ కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద విజయవాడని ముంచి తర్వాత కొల్లేరులోకే వచ్చింది. ఉప్పుటేరు తప్ప దానికి సముద్రంలోకి దారి లేదు, అది మెల్లగా లాగుతుంది. ఏలూరు–కైకలూరు రోడ్డు మీద నీళ్లు పారి రాకపోకలు ఆపేశారు. "ఏ బైక్ నీళ్లలో వెళ్తుంది బ్రో" అని అప్పుడు చాలామంది అడిగారు. ఎక్స్‌పల్స్ అయినా, క్లాసిక్ అయినా, రోడ్డు అంచు కనపడనప్పుడు ఏ బండీ వెళ్లదు. పక్కన చెరువు ఎంత లోతో మీకు తెలీదు. చుట్టూ తిరిగి హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్లండి, గంట పోతుంది. పొరపాటున నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే అక్కడే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. లోపలికి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ లేకపోతే మొత్తం మీ జేబు నుంచే.

సో, బుక్ చేశా. క్లాసిక్ 350, డ్యూయల్ చానెల్ ఏబీఎస్ ఉన్న వేరియంట్. డౌన్ పేమెంట్‌కి పాత బండి డబ్బులు, ఇంకొంచెం నా సేవింగ్స్. మిగతాది మూడేళ్ల లోన్. ఐదేళ్లకి పెడితే నెలకి తక్కువ పడుతుందని షోరూంలో తెగ చెప్పారు. చానెల్ ఆదాయం ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు, ఐదేళ్ల మాట నేను ఇవ్వలేను. అందుకే కలర్‌లో, యాక్సెసరీల్లో తగ్గించుకున్నా. క్రోమ్ వద్దన్నా, ఇక్కడి ఉప్పు గాలికి ఎలాగూ తుప్పే. లేడీస్ ఫుట్‌రెస్ట్ కొంచెం వెడల్పుది పెట్టించమన్నా, శారీ గార్డ్ తీయొద్దని రెండుసార్లు చెప్పా. సేల్స్ అబ్బాయి "సార్, అందరూ అవి తీయించుకుంటారు" అన్నాడు.

అమ్మకి హెల్మెట్ కూడా కొన్నాం, ఐఎస్ఐ మార్క్ చూసి. కొప్పు పెట్టుకుంటే దూరట్లేదు, జడ వేసుకుంటే దూరుతుంది. వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ చట్ట ప్రకారం తప్పనిసరి అని చెప్తే "గుడివాడ దాకానేగా" అంటుంది. ఆ గొడవ ఇంకా నడుస్తోంది.

డెలివరీ వచ్చే వారం. మొదటి ట్రిప్ ఏలూరే, గురువారం పదకొండు గంటలకి అపాయింట్‌మెంట్. రన్నింగ్ ఇన్ టైమ్‌లో ఎలా నడపాలో, మొదటి సర్వీస్‌కి ఏం చూసుకోవాలో తర్వాత వీడియోలో చెప్తా. మీలో ఎవరైనా అమ్మనో నాన్నమ్మనో వెనక కూర్చోబెట్టుకుని దూరం వెళ్లేవాళ్లుంటే, సీటు మీద ఏం వేశారు, నడుముకి సపోర్ట్ ఏం పెట్టారు అన్నది కామెంట్‌లో రాయండి. నేను చదవడమే కాదు, అమ్మకి కూడా చదివి వినిపిస్తా. ఉంటాను ఫ్రెండ్స్, ఏరియేటర్ సౌండ్ పెరిగింది, రెండోది కూడా ఆన్ చేసినట్టున్నారు.